వినడమంటే విడదీయడం

ప్రొద్దుటూరులో దసరా రాత్రి అమ్మవారి ఊరేగింపు కదిలినప్పుడు వీధిలో నిలబడ్డ మనిషి చెవిన ఎన్ని శబ్దాలు పడతాయో చెప్పడం కష్టం. ముందు మేళం, దాని వెనక తప్పెట్లు, పక్క సందులో టపాకాయలు, స్తంభానికి కట్టిన మైకులో ప్రకటనలు, జనం గోల, మధ్యలో ఇరుక్కుపోయిన మోటారుసైకిల్ హారన్. అంత రభసలోనూ నాలుగడుగుల దూరం నుంచి ఎవరైనా ‘మామా, ఇట్ల రా’ అంటే పిలిచింది ఎవరో, ఎటువైపు నుంచో చప్పున తెలిసిపోతుంది. రోజూ చేసే పని కాబట్టి ఇందులో వింతేముంది అనిపిస్తుంది. వినికిడి గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా రెండు ప్రశ్నలే వేసుకుంటాం: శబ్దం ఎంత పెద్దది, చెవి ఎంత బాగుంది. అసలు ప్రశ్న మూడోది. కలగలిసి వచ్చిన శబ్దాల్లో ఏది ఎవరిదో మనిషి ఎలా తేల్చుకుంటున్నాడు? వినడంలో ప్రధానమైన పని ఈ విడదీయడమేనని, దాన్ని గుర్తించక మన బడుల్లో, సభల్లో, పెద్దవాళ్లున్న ఇళ్లలో పొరపాటు మందు వాడుతున్నామని నా వాదన. గట్టిగా చెబితే సరిపోతుందని మనం అనుకుంటున్నాం. చాలా సందర్భాల్లో అది సరిపోదు. కొన్ని సందర్భాల్లో అదే చేటు చేస్తుంది.

చిక్కు ఎక్కడుందో ముందు చూద్దాం. శబ్దమంటే గాలి ఒత్తిడిలో వచ్చే హెచ్చుతగ్గులు. మేళం పుట్టించే హెచ్చుతగ్గులు, మైకు పుట్టించేవి, మనిషి గొంతు పుట్టించేవి గాలిలో ఒకదానితో ఒకటి కూడిపోతాయి. కర్ణభేరికి అందేది ఆ కూడిక మొత్తమే, విడివిడి అంకెలు కావు. ఏ క్షణంలో చూసినా ఆ పొర చేసేది ఒకటే కదలిక: కాస్త లోపలికో, కాస్త బయటికో. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బ్రెగ్మన్ ఈ చిక్కును ఒక చెరువు పోలికతో వివరించాడు. దాన్ని మన పోరుమామిళ్ల చెరువు గట్టుకు తెచ్చుకుందాం. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించిన ఆ చెరువు సంగతి 1369 నాటి శాసనంలో ఉంది. గట్టు దగ్గర జానెడు వెడల్పున రెండు చిన్న కాలువలు తవ్వి, ఒక్కోదాని మీద ఒక్కో చేతిరుమాలు పరిచామనుకోండి. చెరువు వైపు తలెత్తి చూడకూడదు. అలలకు ఆ రెండు గుడ్డలు పైకీ కిందికీ ఎలా కదులుతున్నాయో చూసి మాత్రమే చెప్పాలి: చెరువులో ఎన్ని పుట్టీలు తిరుగుతున్నాయి, ఏది దగ్గర, ఏది దూరం, గాలి వీస్తోందా, ఇప్పుడే ఎవరైనా రాయి విసిరారా? ఇది ఎవరివల్లా కాదనిపిస్తుంది. కానీ మన రెండు కర్ణభేరులకు దొరికే సమాచారం సరిగ్గా ఇంతే. దాన్నుంచే మనం వీధినంతా వింటున్నాం.

ఇక్కడ చదువుకున్నవారు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. లోపలి చెవిలో కాక్లియా ఉంది కదా, అది శబ్దాన్ని విడగొడుతుందని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది కదా అని. నిజమే. సాగదీస్తే మూడున్నర సెంటీమీటర్ల పొడవుండే ఆ చుట్టలో ఒక సన్నని పొర ఉంటుంది. ఒక చివర హెచ్చు స్థాయి (కీచు) శబ్దాలకూ రెండో చివర తగ్గు స్థాయి (బొంగురు) శబ్దాలకూ అది ఎక్కువగా కదులుతుంది. దాని వెంట సుమారు 3,500 లోపలి రోమకణాలు వరుసగా ఉండి, తమ తమ చోట జరిగిన కదలికను నరానికి అందిస్తాయి. ఈ పొర కదిలే తీరును కనిపెట్టినందుకే జార్జ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే కాక్లియా విడగొట్టేది శబ్దాన్ని పౌనఃపున్యాలుగా, అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్న లెక్క ప్రకారం. మనుషుల ప్రకారం కాదు. ఒక మగవాడి గొంతు సెకనుకు 120 కంపనాల దగ్గర మొదలైతే దానితోబాటు 240, 360, 480 దగ్గర కూడా ధ్వని ఉంటుంది. పక్కనే ఒక ఆమె 210 దగ్గర మాట్లాడుతుంటే 420, 630, 840 కూడా పుడతాయి. ఈ రెండు వరుసలూ కాక్లియాలో ఒకదాని సందుల్లో ఒకటి దూరి కూర్చుంటాయి. 240 ఎవరిది, 420 ఎవరిది అన్న చీటీ ఏ కణం దగ్గరా ఉండదు. అంటే చెవి పని ముగిసేసరికి శబ్దం ముక్కలైందే గానీ పంచబడలేదు. ఏ ముక్కలు ఒక గొంతుకు చెందుతాయో కూర్చుకునే పని మెదడుదే.

మెదడు ఆ పని గుడ్డిగా చేయదు. లోకంలో శబ్దాలు పుట్టే తీరులో కొన్ని నియమాలున్నాయి. వాటినే అది ఆనవాళ్లుగా వాడుకుంటుంది. మొదటి ఆనవాలు ఇందాక చూసిన వరుసే. 120, 240, 360 లాగా ఒకే మూలసంఖ్యకు గుణిజాలుగా ఉన్న ముక్కలన్నీ ఒకే గొంతువని మెదడు తేలుస్తుంది. అందుకే మగ గొంతునూ ఆడ గొంతునూ విడదీయడం తేలిక, దగ్గరి స్థాయిలో మాట్లాడే ఇద్దరు మగవాళ్లను విడదీయడం కష్టం. మన మృదంగం ఈ నియమానికి చక్కని సాక్ష్యం. మామూలు డప్పు చర్మం కదిలినప్పుడు పుట్టే కంపనాలు ఇలా గుణిజాల వరుసలో పడవు. అందువల్ల అది మోత అనిపిస్తుంది గానీ ఫలానా స్వరమని స్పష్టంగా చెప్పలేం. మృదంగం కుడివైపు మూత మీద నల్లటి ముద్ద పూసి బరువు చేర్చడం వల్ల ఆ కంపనాలు గుణిజాల వరుసకు వస్తాయి. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లోనే ఈ విషయాన్ని నేచర్ పత్రికలో ప్రకటించారు. ఎన్నో ముక్కలుగా పుట్టిన ధ్వని చెవికి ఒకే స్వరంగా అతుక్కోవడం వెనక మన వాద్యం చేసేవారి శతాబ్దాల పనితనం ఉంది.

రెండో ఆనవాలు కాలం. ఒకేసారి మొదలై ఒకేసారి ఆగిన ముక్కలు ఒకే చోట పుట్టి ఉంటాయని మెదడు నమ్ముతుంది. రాయలసీమ పల్లెల్లో చెక్కభజన చూసినవారికి దీనికి వేరే రుజువు అక్కర్లేదు. ఇరవై ముప్ఫై మంది చేతుల్లో చెక్కలు. అడుగు పడిన చోట చెక్కలన్నీ ఒక్కటిగా పడితే వినపడేది ముప్ఫై శబ్దాలు కాదు, పెద్దదైన ఒక్క శబ్దం. ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న తేడా కూడా అందులో కలిసిపోతుంది. అదే ఒక కుర్రవాడి చెక్క కంటిరెప్పపాటు వెనకబడితే, ఆ ఒక్క చప్పుడూ విడిగా లేచి నిలబడుతుంది. గురువు తల తిప్పి సరిగ్గా ఆ కుర్రవాడి వైపే చూస్తాడు. ఆ చెక్క మిగతా వాటికన్నా గట్టిగా మోగలేదు. దాని పుట్టుక వేళ మాత్రమే వేరు. విడిగా వినబడటానికి గట్టిదనం అక్కర్లేదని, తేడా ఉంటే చాలని ఇంతకన్నా తేటగా చూపించే ఉదాహరణ ప్రయోగశాలలో కూడా దొరకదు.

మూడో ఆనవాలు దిక్కు. మనకు రెండు చెవులుండటం, వాటి మధ్య తల అడ్డుండటం ఇందుకు పనికొస్తాయి. కుడివైపు నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి ముందు, ఎడమ చెవికి తర్వాత చేరుతుంది. పూర్తిగా పక్క నుంచి వచ్చినా ఆ తేడా సెకనులో వెయ్యో వంతుకు కూడా నిండదు. దానిలో మూడింట రెండు వంతులే. ఎదుటి దిక్కున అయితే సెకనులో లక్షో వంతు తేడాను కూడా మనిషి పసిగట్టగలడు. హెచ్చు స్థాయి శబ్దాలకు తల అడ్డుపడి అవతలి చెవికి బలం తగ్గుతుంది, అదీ ఒక గుర్తు. తగ్గు స్థాయి శబ్దాలకు వేళలో తేడా, హెచ్చు స్థాయి శబ్దాలకు బలంలో తేడా అని 1907లో లార్డ్ రేలీ చెప్పిన మాట ప్రధానంగా ఈనాటికీ నిలిచింది. ఒక చెవి పూర్తిగా పోయినవారు నిశ్శబ్దమైన గదిలో బాగానే మాట్లాడుతూ, పెళ్లి పందిట్లో తికమకపడటానికి కారణం ఇదే. వాళ్లకు మాట వినపడకపోవడం కాదు. దిక్కు చేసే సాయం పోయింది. అయితే విడదీయడమంతా దిక్కు వల్లే జరుగుతుందనుకుంటే అదీ పొరపాటే. ఒకే స్పీకరున్న పాత రేడియోలో నాటకం వింటే పాత్రలన్నీ ఒకే రంధ్రం నుంచి మాట్లాడతాయి. అయినా వానచప్పుడు వేరు, తలుపు కిర్రుమనడం వేరు, నాయిక మాట వేరని తెలుస్తూనే ఉంటుంది. అంటే ఏ ఒక్క ఆనవాలూ అనివార్యం కాదు. ఉన్నవాటిని కూడగట్టుకుని మెదడు తీర్పు చెబుతుంది.

ఆ తీర్పులో ఊహకు కూడా చోటుంది. ఒక వాక్యం మధ్యలో ఒక్క అక్షరాన్ని పూర్తిగా చెరిపేసి, ఆ చోట దగ్గు శబ్దం అతికించి వినిపిస్తే ఏమవుతుందో అమెరికన్ పరిశోధకుడు రిచర్డ్ వారెన్ 1970లో పరీక్షించాడు. విన్నవారికి అక్షరం పోయినట్టే అనిపించలేదు. దగ్గు ఎక్కడ పడిందో కూడా వాళ్లు సరిగ్గా చెప్పలేకపోయారు. దగ్గు అడ్డొచ్చింది గానీ మాట దాని వెనక సాగుతూనే ఉందని మెదడు తీర్మానించి, లేనిదాన్ని వినిపించింది. టపాకాయ పేలిన క్షణంలో పోయిన మాటను మనం పోయినట్టుగా గుర్తించకపోవడం ఇందువల్లే. ఇలా పూరించాలంటే రాబోయేదేమిటో తెలిసి ఉండాలి, అంటే భాష రావాలి. మాట్లాడుతున్నది మనకు బాగా వచ్చిన భాషలో అయితే రభసలో కూడా పట్టుకోగలం. అరకొరగా వచ్చిన భాషలో అయితే కాస్త గోలకే జారిపోతుంది. కడప పెద్ద దర్గా ఉరుసులో తెలుగూ ఉర్దూ పక్కపక్కనే పారుతుంటాయి. ఉర్దూ రానివారికి పక్కవారి ఉర్దూ సంభాషణ వట్టి హోరుగా మిగులుతుంది గానీ, రెండూ వచ్చినవారిని రెండు మాటలూ లాగుతాయి. అర్థమయ్యే మాట అడ్డొస్తే అర్థంకాని మాట అడ్డొచ్చినదానికన్నా ఎక్కువ ఇబ్బంది అని పరిశోధనల్లోనూ తేలింది.

ఎరిగిన శబ్దాన్ని ఏరడం ఎంత మేలో కడప అడవుల్లో జరిగిన మరో పనిలో కనిపిస్తుంది. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత కనిపించకుండాపోయి అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలోనే మళ్లీ బయటపడింది. అది రాత్రిపూట తిరిగే పక్షి, పొదల చాటున మసలే పక్షి. కంటితో వెతకడం దాదాపు వృథా. దాని కూత ఏదో తెలిసిన తర్వాతే పరిశోధకులు ఆ కూతను రికార్డు మీద వినిపించి, చీకట్లో వచ్చే జవాబు కోసం చెవులొగ్గి వెతకగలిగారు. అడవిలో కీచురాళ్ల హోరు అంతకుముందూ ఉంది, ఆ తర్వాతా ఉంది. మారింది వినేవారికున్న ఎరుక.

ఇప్పుడు ఈ విషయంలో తెలుగువారి దగ్గర ఉన్న గొప్ప సాక్ష్యానికి వద్దాం. అవధానం. తిరుపతి వేంకటకవులు ఊరూరా తిరిగి ప్రజల్లోకి తెచ్చిన ఈ విద్యకు ప్రొద్దుటూరు ఒక పెద్ద నెలవు. రాణాప్రతాపసింహ చరిత్ర రాసిన దుర్భాక రాజశేఖర శతావధాని, శివభారతం రాసిన గడియారం వేంకటశేషశాస్త్రి ఈ ఊళ్లోనే జంటగా అవధానాలు చేశారు. తర్వాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి ఆ దారిలో నడిచారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవారు, అవధానిని చుట్టుకుని కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరితో అక్షరమక్షరానికీ అడ్డుపడతారు, ఒకరు వర్ణన అడుగుతారు. పద్యపాదాలు ఒక్కో ఆవృత్తిలో ఒక్కొక్కటిగా పూర్తవుతూ పోతాయి. వీటి మధ్య అప్రస్తుత ప్రసంగి ఎప్పుడు పడితే అప్పుడు సంబంధంలేని ప్రశ్నతో దూరతాడు. ఘంటాగణనం అనే అంశం పెట్టుకుంటే మరొకరు తమకు తోచినప్పుడల్లా గంట కొడుతుంటారు. చివర్లో పద్యాలన్నీ ధారణగా అప్పజెప్పడమే కాక గంట మొత్తం ఎన్నిసార్లు మోగిందో కూడా అవధాని చెప్పాలి.

ఈ అంశాల ఏర్పాటును వినికిడి శాస్త్రం పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త కాలిన్ చెర్రీ 1953లో మనుషులకు ఒక్కో చెవిలో ఒక్కో సందేశం వినిపించి, ఒకదాన్ని మాత్రం వింటూ వెంటవెంటనే పైకి చెప్పమన్నాడు. వదిలేసిన చెవిలో ఏం వచ్చిందని తర్వాత అడిగితే మాటల అర్థం ఎవరికీ తెలియలేదు. మధ్యలో ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చినా గమనించలేదు. కానీ మగ గొంతు ఆడ గొంతుగా మారినా, మాటకు బదులు కూత లాంటి ఒకే స్వరం మోగినా ఇట్టే పసిగట్టారు. అంటే ధ్యాస పెట్టని చోట కూడా శబ్దపు బాహ్య లక్షణాలు మెదడుకు అందుతూనే ఉంటాయి, అర్థం మాత్రం అందదు. గంట సరిగ్గా ఈ మొదటి కోవకు చెందింది. దాని ఆరంభం పదును, దాని కంపనాలు మనిషి గొంతులా గుణిజాల వరుసలో ఉండవు, అది వచ్చే దిక్కు వేరు. పద్యం అల్లుతున్న అవధాని చెవి నుంచి అది తప్పించుకోలేదు. దాన్ని విడదీయడానికి శ్రమ అక్కర్లేదు, లెక్క నిలుపుకోవడానికే శ్రమ. అప్రస్తుత ప్రసంగం ఇందుకు పూర్తిగా తలకిందులు. అదే తెలుగు, అదే మనిషి గొంతు, పైగా సభను నవ్వించే అర్థమున్న మాట. ధ్యాస పెట్టకుండా జవాబివ్వడం కుదరదు, పెడితే పద్యం చెదురుతుంది. ధ్యాస లేకుండానే విడిపోయే శబ్దం ఒకటి, ధ్యాసను లాక్కునే శబ్దం ఒకటి. విడదీయడంలోని రెండు భిన్నమైన పరీక్షలను మన పెద్దలు ఒకే వేదిక మీద పెట్టారు.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. అవధానంలో పృచ్ఛకులు వంతుల ప్రకారం మాట్లాడతారు, అందరూ ఒక్కసారిగా మాట్లాడరు కాబట్టి ఇది శబ్దాలను విడదీయడం కాదు, జ్ఞాపకశక్తి మాత్రమేననేది మొదటిది. సమస్య, దత్తపదుల వరకు ఇది ఒప్పుకోవాల్సిన మాటే. అక్కడ భారమంతా ధారణ మీదే. కానీ గంటకూ అప్రస్తుతానికీ వంతు లేదు. అవి పడేది వేరొకరి మాట మీదే. రెండోది, అవధానులు అసాధారణులు, వారి నుంచి మామూలు మనుషుల గురించి ఏమి చెప్పగలం అన్నది. అవధానికి అసాధారణమైనవి ఛందస్సు మీద పట్టు, ధారణ, సాధన. విడదీసే శక్తి మాత్రం సంతలో బేరమాడే ప్రతి మనిషికీ ఉన్నదే. 1959లో నెవిల్ మోరే చేసిన ప్రయోగంలో, వదిలేసిన చెవిలో తమ పేరు పలికితే మూడో వంతు మంది గుర్తించారు. అవధానంలో శిక్షణ తీసుకోనివారే వాళ్లు. 2012లో నీమా మెస్‌గరానీ, ఎడ్వర్డ్ చాంగ్ ఇంకో మెట్టు ఎక్కారు. మూర్ఛ చికిత్స కోసం మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగులకు ఇద్దరి మాటలు కలిపి వినిపించి, ఒకరినే వినమన్నారు. చెవిలో పడింది ఇద్దరి మాటల కలగూరే అయినా, మెదడు పైపొరలో మాటలను గ్రహించే భాగంలో కనిపించిన స్పందన ధ్యాస పెట్టిన ఒక్కరి మాటకే దగ్గరగా ఉంది. పొరపాటున రెండో మనిషిని విన్నప్పుడు ఆ స్పందన కూడా రెండో మనిషికే మారింది. వినడం చెవి దగ్గర ముగియదని చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

ఇంత నేర్పున్న ఈ యంత్రాంగాన్ని ఏది దెబ్బతీస్తుంది? మొదటిది ప్రతిధ్వని. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున్నాయి. రాతి గోడల మధ్య మాట్లాడినప్పుడు మాట నేరుగానూ వస్తుంది, గోడలను తాకీ వస్తుంది. ఐదు మీటర్ల దూరంలోని గోడకు తగిలి తిరిగొచ్చే మాట సుమారు సెకనులో 30 వెయ్యో వంతులు ఆలస్యమవుతుంది. అంత చిన్న ఆలస్యాన్ని మెదడు విడి శబ్దంగా లెక్కించదు. మొదట వచ్చినదాని దిక్కునే అసలు దిక్కుగా తీసుకుని, వెనక వచ్చినదాన్ని అందులో కలిపేస్తుంది. 1949లోనే రుజువైన ఈ గుణం లేకపోతే నాలుగు గోడల ఇంట్లో సైతం ఏ మాట ఎటు నుంచి వచ్చిందో తెలిసేది కాదు. కానీ దీనికి హద్దుంది. ఆలస్యం సెకనులో 50 వెయ్యో వంతులు దాటుతున్నకొద్దీ తిరిగొచ్చిన మాట విడిగా నిలబడి, అసలు మాటకే పోటీ అవుతుంది. మన ఊళ్లలో సభలకు, తిరునాళ్లకు స్తంభం స్తంభానికీ మైకు కట్టడంలోని తప్పు ఇక్కడే ఉంది. వంద మీటర్ల అవతలి మైకు నుంచి అదే మాట దాదాపు 0.3 సెకను ఆలస్యంగా వస్తుంది. ఒకే మనిషి, ఒకే గొంతు, ఒకే భాష, రెండు వేళలు. విడదీయడానికి ఆనవాలే మిగలదు. మాట తెలియడం లేదని సౌండు పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి.

గట్టిదనం మీద మనకున్న నమ్మకం ఎక్కువ బాధపెట్టేది పెద్దవాళ్లను. ‘వినపడుతోంది నాయనా, అర్థం కావడం లేదు’ అని అరవై దాటినవారు అంటే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, లేదా చెవి దగ్గర అరుస్తారు. ఆ మాట అక్షరాలా నిజం. వయసుతో ముందుగా దెబ్బతినేది హెచ్చు స్థాయి శబ్దాలను అందుకునే చోటు. స, శ, త, క లాంటి హల్లుల గుర్తులు చాలావరకు అక్కడే ఉంటాయి. పైగా కాక్లియాలోని బయటి రోమకణాలు చచ్చిపోయే కొద్దీ, దగ్గరదగ్గరి కంపనాలను వేరుచేసే పదును పోతుంది. ముక్కలే అలుక్కుపోయి అందితే మెదడు వాటిని ఎలా పంచుకుంటుంది? అరిచినప్పుడు అలుక్కుపోయినదే పెద్దదవుతుంది గానీ తేట కాదు. ఆరోగ్యమైన చెవిలో కూడా శబ్దం బాగా పెద్దదైతే ఈ పదును తగ్గుతుంది. వినికిడి యంత్రం పెట్టుకున్నాక పెద్దవాళ్లు దాన్ని పెట్టెలో పడేయడానికి తరచుగా కారణం ఇదే. గదిలో ఫ్యాను, టీవీ, వంటింటి చప్పుడు, మనవడి మాట అన్నీ పెరిగి వస్తాయి. అలాగని యంత్రం దండగ అనడం నా ఉద్దేశం కాదు. సరైన పరీక్ష చేయించి, రెండు చెవులకూ అవసరమైతే రెండింటికీ పెట్టించి, కొన్ని వారాలు మెదడుకు అలవాటయ్యే వ్యవధి ఇస్తే మేలు జరుగుతుంది. పుట్టుచెవుడున్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చిన తర్వాత శిక్షణ తప్పనిసరి అనడంలోనూ ఇదే సూత్రం ఉంది. పరికరం శబ్దాన్ని అందిస్తుంది, దాన్ని మాటగా కూర్చుకోవడం మెదడు నేర్చుకోవాలి.

బడిపిల్లల సంగతీ ఇంతే ముఖ్యం. పసిపిల్లల చెవి చురుకుగా ఉంటుంది కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదనుకుంటాం. చెవి చురుకే, కానీ గోలలోంచి మాటను ఏరే నేర్పు మెదడులో పండటానికి పద్నాలుగు పదిహేనేళ్లు పడుతుంది. ఊహతో పూరించుకోవడానికి కావలసిన భాష కూడా వాళ్లకు ఇంకా పూర్తిగా రాలేదు. అందుకే పెద్దవారికి సరిపోయే గది పిల్లలకు సరిపోదు. పాఠం చెప్పే గదిలో వెనక చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. స్లాబు కప్పు, నున్నటి గోడలు, బండలు పరిచిన నేల, పక్క గదిలో మూకుమ్మడిగా చదివే ఎక్కాలు, రోడ్డు మీద లారీలు ఉన్న బడిలో ఆ పరిమితి అందని మాట. ఇలాంటి గదిలో మూడో బెంచీ పిల్ల వెనకబడితే తెలివి తక్కువని ముద్ర వేయడం అన్యాయం. ఆమెకు పాఠం చేరనే లేదు. కిటికీలకు మందమైన తెరలు, గోడకు కట్టిన జంపఖానా, అట్టల మీద అతికించిన పిల్లల బొమ్మలు కూడా తిరిగొచ్చే ధ్వనిని కొంత మింగుతాయి. పెద్ద ఖర్చు లేని పనులే ఇవి.

ఫోన్లు, కంప్యూటర్లు ఇప్పుడు గోలను తీసేసి మాటను మాత్రమే వినిపిస్తున్నాయి కదా, ఈ బాధంతా త్వరలో తీరిపోదా అని కొందరు అడుగుతారు. యంత్రాలు ఇందులో నిజంగానే చాలా దూరం వచ్చాయి. ఫ్యాను హోరు, ఇంజను రొద లాంటివి చక్కగా తగ్గిస్తాయి. ఇద్దరి గొంతులను వేరుచేయడం కూడా నేర్చుకున్నాయి. కానీ ఆరుగురు మాట్లాడే గదిలో నేను వినాలనుకుంటున్నది ఎవరినో యంత్రానికి తెలియదు. ఒక క్షణం అక్కను, మరుక్షణం వాకిట్లో పిలిచిన పక్కింటాయనను వినాలన్న నిర్ణయం నాది. విడదీయడంలో సగం పని శబ్దాలది, మిగతా సగం వినేవాడి కోరికది. యంత్రం సాయపడుతుంది గానీ బదులు నిలవలేదు. ఆ యంత్రమైనా ఉన్నవారికే అందుతుంది. మైకు తగ్గించడం మాత్రం అందరి చేతుల్లో ఉంది.

కాబట్టి అడగవలసిన ప్రశ్న మారాలి. ‘వినపడుతోందా?’ అని కాదు, ‘విడిగా తెలుస్తోందా?’ అని అడగాలి. ఇంట్లో పెద్దవారితో మాట్లాడేటప్పుడు గొంతు పెంచకండి. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ముఖం కనపడేలా, కాస్త నిదానంగా చెప్పండి. పెదవులు కనిపిస్తే రభసలో మాట ఎంతో మెరుగ్గా అందుతుందని 1954లోనే తేలింది. వినికిడి తగ్గిందని అనుమానమొస్తే ఏళ్ల తరబడి సర్దుకుపోకుండా పరీక్ష చేయించండి. సభ పెట్టేవారు వీధి పొడుగునా మైకులు కట్టడం మాని, జనమున్న చోటికే సరిపడా శబ్దం పెట్టండి. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదని, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు వాడరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. వాటిని కేవలం నిద్రకు సంబంధించినవిగా చూడకండి, అవి మాటను కాపాడే నియమాలు కూడా. గంటనూ పద్యాన్నీ ఏకకాలంలో విని దేన్నీ వదలని అవధానులను కన్న నేల మనది. ఎదుటివారి మాట తేటగా అందేలా చూడటం ఆ నేలకు తెలియని విద్య కాదు, చేయాల్సిన పని మాత్రమే.